కొరకని చేప: సంచి మేత నుంచి గేలం దాకా

చేపల చెరువు గట్టు మీద కాసేపు నిలబడితే ఒక సంగతి వింతగా తోస్తుంది. చెరువులో వరసగా వెదురు కర్రలు పాతి ఉంటాయి. ఒక్కో కర్రకి ఒక్కో తెల్ల సంచి, అడుగు భాగం నీళ్లలో, పైభాగం బయట. మొన్నమొన్నటిదాకా యూరియా మోసిన సంచులే. పక్షుల్ని బెదరగొట్టడానికి కట్టారేమో అనుకుంటారు కొత్తవాళ్లు. కాదు, లోపల ఉన్నది మేత. నూనె తీసిన తవుడు, కాస్త చెక్క. పొద్దున పదిగంటల వేళ రైతు చిన్న పడవ మీద వెళ్లి ఒక్కో సంచీ నింపుకుంటూ వస్తాడు. ఆయన పక్క కర్రకి చేరేలోపే వెనక సంచి వణకడం మొదలవుతుంది.

గట్టు మీంచి చేటతో విసిరితే పోయేదానికి ఇంత తతంగం ఎందుకు?

అదే ఊళ్లో, కాలువ లాకుల దగ్గర ఇంకో చిక్కు. గేలానికి గోధుమపిండి ముద్ద గుచ్చి వేస్తారు. బెండు ఒకసారి అలా కదిలి ఊరుకుంటుంది. లాగి చూస్తే కొక్కెం తళతళ మెరుస్తూ పైకి వస్తుంది. పిండి లేదు, చేపా లేదు. ఈ దొంగతనంలో సగం పరిగెలది. అవి ముద్దని చుట్టూ చేరి గీరుకు తింటాయి. మిగతా సగం మాత్రం కిలో, రెండు కిలోలు తూగే శీలావతులు, మోసులు చేసేదే. ముద్దని నోట్లోకి తీసుకుని, కొక్కేన్ని పసిగట్టి, బయటికి ఊదేసి వెళ్లిపోతాయి.

సంచి ఎందుకన్నదానికీ, కొక్కెం ఎందుకు తగల్లేదన్నదానికీ జవాబు ఒక్కచోటే ఉంది: ఈ చేపల నోట్లో.

పళ్లు లేని నోరు

మన చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె, ఎర్రమోసు ఒకే కుటుంబానివి. శీలావతినే బజార్లో రోహు అంటారు, బొచ్చెని కట్ల అంటారు. ఇంగ్లీషువాళ్లు ఈ కుటుంబం మొత్తాన్నీ కార్ప్ అంటారు. మీసాల బంగారుతీగ కూడా ఇందులోదే గానీ మన నేలది కాదు. ఒక రకం 1939లో సిలోను నుంచి నీలగిరులకు వచ్చింది, ఇంకో రకం 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కి వచ్చింది. ప్రపంచంలో గేలం ప్రియులు 'కార్ప్' అంటూ తపించిపోయేది ఈ బంగారుతీగ కోసమే.

మేసే చోటులో వీటికి పేచీ లేదు. బొచ్చె మూతి పైకి తిరిగి ఉంటుంది, నీటి పైపొరలో సూక్ష్మజీవుల్ని వడగట్టుకుంటుంది. శీలావతి నడిమి నీళ్లది, పెదవికి కుచ్చులాంటి అంచు ఉంటుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, దాని మేత అడుగు బురదలో. బంగారుతీగదీ అడుగే.

వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం ఒకటుంది. దవడల్లో పళ్లుండవు. కొర్రమీను పట్టుకు కొరికినట్టు ఇవి కొరకలేవు. మరి తినడం ఎలా? చేప మూతిని గొట్టంలా ముందుకు చాచి, మొప్పల తలుపులు మూసి, నోటి లోపలి గదిని ఒక్కసారిగా పెద్దది చేస్తుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఆ ఖాళీలోకి బయటి నీళ్లు దూసుకొస్తాయి, నీళ్లతోపాటు అందులో ఉన్న మేతా వస్తుంది. తర్వాత నోరు మూసి మొప్పల తలుపు తెరిస్తే నీళ్లు వెనక నుంచి పోతాయి. ఇదంతా రెప్పపాటు పని.

అంటే చేప మేతను పట్టుకోదు, నీళ్లను పీలుస్తుంది. మేత నీళ్లతో కొట్టుకొస్తుంది. ఇక్కణ్నుంచి చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క మీదే నిలబడి ఉంది.

పీల్చడానికి ఒక పెద్ద లోపం ఉంది. దీపాన్ని మూరెడు దూరం నుంచి ఊది ఆర్పగలం. అదే దూరం నుంచి గాలి పీల్చి ఆర్పమంటే ఎవరి వల్లా కాదు. ఊదిన గాలి ఒకే దిక్కుకి ధారగా పోతుంది. పీల్చినప్పుడు గాలి అన్ని దిక్కుల నుంచీ కొంచెం కొంచెం వస్తుంది, అందుకే నోటికి కాస్త దూరం జరిగితే దాని జోరు ఉండదు. నీళ్లలోనూ అంతే. చేప నోరు ఎంత వెడల్పు తెరుచుకుంటుందో అంత దూరంలో నీటి వేగం, నోటి దగ్గరున్న వేగంలో సుమారు 5 శాతానికి పడిపోతుంది. రెండంగుళాల నోరున్న చేపకి రెండంగుళాల అవతల ఉన్న తవుడు గింజ దాదాపు అందనట్టే. ప్రతి పలుకు దగ్గరికీ మూతి ఆనించేంతగా వెళ్లాలి.

చెరువులో విసిరిన తవుడు వంద గజాల మేర చెదిరిపోతుంది. దాన్ని ఒక్కో నలుసూ వెతికి తినాలంటే చేప ఈదడానికే బలం ఖర్చు. ఈలోగా చాలా భాగం బురదలో కలుస్తుంది.

లోపలికి వెళ్లాక జరిగే వడపోత

పీల్చేటప్పుడు మేతొక్కటే రాదు. ఇసుక, పుల్ల, నాచు, గవ్వముక్క అన్నీ కలిసి వస్తాయి. బురదలో మేసే చేపకి ఇది రోజూ ఉండే బాధే. దీనికి దాని నోట్లో గొప్ప ఏర్పాటుంది.

నోటి పైకప్పున మెత్తటి కండ ఒకటి ఉంటుంది. దానినిండా రుచి మొగ్గలే. కింద మొప్పల కమానుల మీద కూడా అలాంటి పొరే. ఈ రెంటి మధ్య వచ్చిన సరుకును చేప ఒత్తి చూస్తుంది. రుచి తగిలిన చోట పైకప్పు కండ చిన్న బొడిపెలా ఉబ్బి ఆ పలుకును అదిమి పడుతుంది. పట్టుకోనిదంతా నీళ్లతో కడుక్కుపోతుంది, లేదా చేప ముందుకు ఉమ్మేస్తుంది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో సిబ్బింగ్ అనే శాస్త్రవేత్త 1980ల్లో బంగారుతీగలు మేస్తుండగా ఎక్స్‌రే ఫిల్ము తీసి ఈ వరసను అడుగడుగునా చూపించాడు. ఈ వడపోత కోసమే కార్ప్ మెదడు వెనక భాగంలో ఒక పెద్ద తమ్మె పెరిగి ఉంటుంది. నోట్లో ఏ చోట ఏ రుచి తగిలిందో అక్కడ పటం గీసినట్టు నమోదవుతుంది.

ఎంచుకున్న పలుకు గొంతులోకి వెళ్తుంది. పళ్లు అక్కడున్నాయి. గొంతు అడుగున ఉన్న ఆ పళ్లు, పుర్రె కింది గట్టి మెత్త మీద ఒత్తి నూరతాయి. నత్తగుల్ల కూడా పిండైపోతుంది. చేపల పులుసు తిన్నవాళ్లు తలకాయ చీకుతున్నప్పుడు ఈ పళ్లు నోటికి తగిలే ఉంటాయి, ఎముక అనుకుని తీసేసి ఉంటారు.

గేలం వేసేవాడి దురదృష్టమంతా పెదవికీ గొంతుకీ మధ్య ఉంది. ఇసుకలోంచి పురుగును ఏరుకోగల నోటికి, పిండిలోంచి ఇనప ముక్కను ఏరడం ఒక లెక్కా!

————————————
బాక్స్: కడుపు లేని చేప

కార్ప్ కుటుంబం చేపలకి మనకున్నట్టు జీర్ణాశయం ఉండదు. గొంతు దాటిన మేత తిన్నగా పేగులోకి పోతుంది. తిన్నదాన్ని నిలవచేసుకునే సంచి లేదు, అరగదీసే ఆమ్లమూ లేదు. అందుకే శీలావతి పేగు ఒంటి పొడవుకి ఎన్నో రెట్లుంటుంది. అంత పొడవున మెల్లగా సాగుతూ అరగాలి.

దీనివల్ల రైతుకి తెలియాల్సింది ఒకటుంది. ఈ చేప ఒక్కసారిగా బోలెడు తిని రోజంతా ఊరుకునేది కాదు. కొంచెం కొంచెంగా, గంటల తరబడి దొరికే మేతే దీనికి సరిపడుతుంది. పెద్ద మొత్తం ఒక్కసారి గుమ్మరిస్తే సగం అరక్కుండానే వెనక నుంచి పోతుంది.
————————————

వాసన తనంత తాను నడవదు

మేత ఎక్కడుందో చేపకి ఎలా తెలుస్తుంది? కళ్లతో అనుకుంటే మన చెరువుల్లో నీళ్లు పచ్చగా, మసగ్గా ఉంటాయి, జానెడు లోతున ఉన్నది కనపడదు. వాసన అనడం సులువే. కానీ వాసన ఎలా చేరుతుందన్నది చాలామంది తప్పుగా ఊహించుకునే విషయం.

కదలిక లేని నీళ్లలో కరిగిన పదార్థపు అణువు తనంత తాను విస్తరిస్తూ ఒక్క మీటరు దూరం పోవడానికి ఏళ్లు పడుతుంది. గంటలు కాదు, రోజులూ కాదు. కాబట్టి వాసన చేరిందంటే నీళ్లు మోసుకెళ్లాయన్నమాట. కాలువలో ప్రవాహం ఉంది, వాసన దిగువకి చారలా సాగుతుంది. చేపలు మామూలుగా ప్రవాహానికి ఎదురుగా తలపెట్టి ఉంటాయి, ఆ చార ముక్కుకి తగలగానే ఎగువకి కదులుతాయి. గేలం పక్కన మేత చల్లేవాళ్లు దాన్ని గేలానికి దిగువన వేస్తే చేపలు అక్కడే ఆగిపోతాయి, గేలం దాకా రావు.

చెరువులో ప్రవాహం లేదు. గాలి ఊపే అలలూ, ఎండకి పైకీ కిందికీ మారే నీళ్లే దిక్కు. తవుడులోంచీ చెక్కలోంచీ కరిగి వచ్చే అమైనో ఆమ్లాలు, మాంసకృత్తుల తుంపులన్నమాట, అలా మెల్లగా కదులుతాయి. మొదటి నాలుగు చేపలు చేరడమే ఆలస్యం. అవి తోక ఆడించి, పీల్చి, ఉమ్మి, నీళ్లను కలియబెడతాయి. వాసన మోసే పని అప్పట్నుంచి చేపలే చూసుకుంటాయి. గుంపు చేరేకొద్దీ ఇంకా గుంపు చేరుతుంది.

చప్పుడు కూడా పిలుస్తుంది. ఈ కుటుంబపు చేపలకి వినికిడి బాగా ఎక్కువ. కడుపులోని గాలితిత్తి ఆ ప్రకంపనలను అందుకుంటుంది, అక్కణ్నుంచి చిన్న ఎముకల గొలుసు వాటిని లోపలి చెవికి చేరవేస్తుంది. జర్మనీకి చెందిన వెబర్ 1820లోనే దీన్ని వర్ణించాడు, ఆ ఎముకలకి ఇప్పటికీ ఆయన పేరే. పడవ కర్ర నీళ్లలో పడిన చప్పుడుకే చేపలు సంచుల వైపు మళ్లుతాయని రైతులు చెప్పేది ఉత్త మాట కాదు. చప్పుడుకీ మేతకీ ముడి వేసుకోవడం ఈ చేపలకి కొద్ది రోజుల పని.

సంచి చేసే పని

ఇప్పుడు సంచిని దగ్గరగా చూద్దాం. అడుగు భాగంలో రెండు మూడు వరసల్లో చిన్న చిన్న కన్నాలు పొడుస్తారు. మేత నింపి కర్రకి కట్టగానే నీళ్లు కన్నాల్లోంచి లోపలికెక్కి తవుడు నాని ఉబ్బుతుంది. నానిన తవుడు బరువుకి తనంత తాను కారిపోదు, కన్నానికి అడ్డంపడి ఆగుతుంది. చేప వచ్చి కన్నానికి మూతి ఆనించి పీలిస్తే ఆ మేరకు బయటికొస్తుంది. పీల్చే జోరు పనిచేసేది మూతి ఆనేంత దగ్గర్లోనే అనుకున్నాం కదా. సంచి ఆ దూరాన్ని సున్నా చేసేసింది. పైగా మేత కొంచెం కొంచెంగానే వస్తుంది, కడుపు లేని చేపకి కావలసినట్టే. మూతులు తగిలేకొద్దీ సంచి వణుకుతుంది. వణుకు ఆగిందంటే సంచి ఖాళీ అయినట్టు, లేదా చేపలకి ఆకలి తీరినట్టు.

కన్నం కొలత తప్పితే మొత్తం చెడుతుంది. పెద్దదైతే మేత ధారగా కారి బురద పాలవుతుంది. మరీ చిన్నదైతే చేప పీల్చి పీల్చి విసుగెత్తి పోతుంది, మేత సంచిలోనే పులుస్తుంది.

కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేరు చుట్టూ చేపల సాగు విస్తరించినప్పుడు ఈ సంచుల పద్ధతి రైతుల చేతుల్లో స్థిరపడింది. ఇప్పుడది ఆంధ్ర చేపల సాగుకి గుర్తులాంటిది. మన చెరువుల్లో శీలావతి పాలు బాగా పెరిగి, బొచ్చె తక్కువగా, మోసు ఇంకా తక్కువగా ఉండడానికి బజారు ధరతోపాటు ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. నడిమి నీళ్లలో తిరిగే శీలావతికి సంచి వేలాడే ఎత్తు అచ్చంగా కుదిరింది.

లాభం లెక్క చూద్దాం. ఒక చెరువులో అరకిలో చేపలు పదివేలు ఉన్నాయనుకోండి. మొత్తం 5 టన్నులు. ఒంటి బరువులో 2 శాతం మేత వేస్తే రోజుకి 100 కిలోలు. అందులో పదోవంతు బురదలో పడినా రోజుకి 10 కిలోలు, నెలకి 300 కిలోలు. డబ్బు నష్టం ఒకటే అయితే సర్దుకోవచ్చు. ఆ 300 కిలోలూ అడుగున కుళ్లుతాయి, కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ఆక్సిజన్‌ను తినేస్తాయి, అమ్మోనియా వదులుతాయి. రాత్రి ఎండ ఉండదు, నాచు ఆక్సిజన్ తయారుచేయదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగుకి దిగుతుంది. ఆ వేళ చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే రైతు గుండెలు జారిపోతాయి. పొద్దెక్కి ఆక్సిజన్ పెరిగాకే సంచులు కట్టేది అందుకే. ముసురు పట్టిన రోజుల్లో మేత తగ్గించేదీ, ఆపేదీ అందుకే.

విసిరిన మేత ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. సంచి మాత్రం దాచదు. రెండు మూడు గంటల తర్వాత పైకెత్తి చూస్తే చేపల ఆకలి, దానితోపాటు ఆరోగ్యం కూడా తెలిసిపోతుంది. నిన్న ఖాళీ అయిన సంచి ఇవాళ సగం మిగిలిందంటే నీళ్లలో ఏదో తేడా వచ్చినట్టే.

లోపాలూ ఉన్నాయి. పొడి మేతలోని విటమిన్లు, లవణాలు నానేకొద్దీ నీళ్లలో కరిగిపోతాయి. సంచులు తక్కువైతే బలమైన చేపలు చుట్టూ మూగి, చిన్నవాటిని దగ్గరికి రానీయవు, పట్టుబడి రోజున ఒక్కోటి ఒక్కో సైజు. ఇంకోటి, మన చెరువుల్ని పీడించే చేప పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది, పాతిన కర్రలు దానికి అనువైన చోటు. అప్పుడప్పుడు కర్రలు పీకి ఎండబెట్టడం మంచిది. తేలే గుళికల మేత ఈ చిక్కుల్లో కొన్నిటిని తీరుస్తుంది, కానీ తవుడు చవక. సంచి ఇంకా వేలాడుతున్నది ఆ చవకతనం వల్లే.

ఇంగ్లండులో ఒక వెంట్రుక

ఇప్పుడు గేలం వైపు వద్దాం. ఇంగ్లండులో బంగారుతీగని గేలంతో పట్టడం పెద్ద వ్యసనం. పట్టిన చేపని తూచి, ఫొటో తీసి, మళ్లీ నీళ్లలోకే వదిలేస్తారు. మనవాళ్లకి ఇది వింతే, పులుసు కాని చేప మీద అంత శ్రమ ఏమిటని. కానీ వదిలేసిన చేప తెలివిమీరుతుంది, మళ్లీ దాన్ని పట్టడానికి మనిషి ఇంకా తెలివిమీరాలి. గేలం సామానులో వచ్చిన కొత్త పోకడలు చాలామటుకు ఈ పోటీలోంచి పుట్టినవే.

వాళ్ల సామానులో మొదటిది మేత గూడు. తీగతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన చిన్న చట్రం, అడుగున సీసపు బరువు. తడిపిన పొడి మేతను దానిలో అదిమి నింపి, కొక్కేనికి ఎర గుచ్చి, జానెడు లోపే ఉన్న చిన్న దారంతో గూటికి కడతారు. విసిరితే గూడు అడుక్కి చేరుతుంది, మేత నాని ఉబ్బి కొద్ది నిమిషాల్లో విచ్చుకుంటుంది. ఎర సరిగ్గా ఆ మేత మధ్యలో పడి ఉంటుంది. చూస్తే ఇది మన యూరియా సంచి చేసే పనే: చెదరకుండా ఒకే చోట, మూతికి అందే దూరంలో, కొంచెం కొంచెంగా.

చేపని రప్పించడం వరకు గూడు చూసుకుంటుంది. నోట్లోకి వెళ్లాక ఉమ్మేయడం మాటేమిటి? కొక్కెం బరువుది, దారం బిరుసుది. చేప పీల్చినప్పుడు చుట్టూ ఉన్న పలుకులు నీళ్లతోపాటు చటుక్కున లోపలికి పోతాయి, కొక్కెం గుచ్చిన ముద్ద వెనకబడి మెల్లగా కదులుతుంది. ఆ తేడా దగ్గరే చేపకి అనుమానం. లోపలికి వచ్చినా పైకప్పు కండకి ఇనుము తగులుతుంది. ఉమ్మేస్తుంది. కొక్కెం మొన పిండిలో కూరుకుని ఉంది కాబట్టి పోతూ పోతూ కూడా పెదవికి గీరుకోదు.

1970ల చివర్లో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడాక్స్ అనే ఇద్దరు గాజు తొట్టిలో బంగారుతీగల్ని పెట్టి ఎరను అవి ఎలా తీసుకుంటాయో గమనించారు. విడిగా పడున్న ఎరను నిశ్చింతగా మింగుతున్న చేపలు, కొక్కెం గుచ్చిన ఎరను తీసి తీసి వదిలేస్తున్నాయి. అయితే ఎరకి కొక్కెం గుచ్చడమే మానేస్తే? ఎరను ఒక తల వెంట్రుకతో కొక్కేనికి వేలాడదీశారు. కొక్కెం ఖాళీగా, పక్కన. ఎర కదలడానికి అడ్డు లేదు, చేప పీల్చగానే పలుకులతోపాటే లోపలికి పోయింది. దాని వెనకే కొక్కెం. చేప అనుమానించి ఉమ్మితే ఎర ముందు బయటికొస్తుంది, ఏ అడ్డూ లేని కొక్కెం మొన కింది పెదవికి దిగుతుంది. మాడాక్స్ 1981లో తన పుస్తకంలో దీన్ని బయటపెట్టాక కార్ప్ వేట తీరే మారిపోయింది. ఇప్పుడు వెంట్రుక బదులు సన్నటి దారం వాడుతున్నారు గానీ పేరు మాత్రం 'హెయిర్ రిగ్' అనే నిలిచింది.

దీనికి జతగా 60 నుంచి 90 గ్రాముల బరువు కడతారు. మొన గుచ్చుకోగానే చేప ఉలిక్కిపడి పరిగెడుతుంది. ఆ బరువు అదటుకి కొక్కెం మరింత దిగుతుంది. మనిషి గుంజాల్సిన పని లేదు, చేప తనంత తానే తగులుకుంటుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: పెద్ద దారం తెగితే బరువు ఊడిపోయేలా కట్టాలి. లేకపోతే చేప ఆ సీసాన్ని ఈడ్చుకుంటూ, ఏ తూటికాడల్లోనో చిక్కుకుని చస్తుంది.

మన కాలువలో వేస్తే

కూనవరం డ్రెయిన్ గట్టునో, అమలాపురం కాలువ గట్టునో ఇది పనిచేస్తుందా? అడుగున మేసే మోసుకీ, బంగారుతీగకీ పనిచేస్తుంది. పైపొరల్లో తిరిగే బొచ్చెకి అడుగున గూడు వేసి కూర్చుంటే ఎదురుచూపే మిగులుతుంది. దానికి బెండు కట్టి నడిమి నీళ్లలో మెత్తటి పొడి మేతే మేలు.

గూట్లో నింపడానికి కోనసీమలో వెతుక్కునే పని లేదు. నూనె మిల్లులో దొరికే కొబ్బరి చెక్క, దానికి సమానంగా తవుడు, పిడికిలి పడితే ముద్దయి, నీళ్లలో వేస్తే విడిపోయేంత తడి చాలు. తడి ఎక్కువైతే గంట గడిచినా ముద్ద ముద్దగానే ఉంటుంది. దారానికి వేలాడదీసే ఎరకి మాత్రం పిండి ముద్ద పనికిరాదు, ఒక్క పరిగె తగిలినా రాలిపోతుంది. ఇంగ్లండువాళ్లు గుడ్డూ పిండీ కలిపి ఉడికించిన గట్టి ఉండలు వాడేది ఈ చిల్లర చేపల బాధకే. మనకి నానబెట్టి ఉడికించిన శనగలు, మొక్కజొన్న గింజలు ఉండనే ఉన్నాయి. సూదితో దారం ఎక్కించి, గింజ జారకుండా చిన్న పుల్ల అడ్డం పెడితే సరి.

చేప జ్ఞాపకశక్తిని మాత్రం తక్కువ అంచనా వేయకూడదు. నెదర్లాండ్స్‌లో బ్యూకెమా అనే శాస్త్రవేత్త చెరువుల్లోని బంగారుతీగల్ని గేలంతో పట్టి, గుర్తు వేసి వదిలి, మళ్లీ మళ్లీ వేటాడి చూశాడు. ఒక్కసారి గేలానికి చిక్కిన చేప రెండోసారి చిక్కడం బాగా తగ్గిపోయిందని 1970లో రాశాడు. ఒక్క పాఠం చాలన్నమాట.

1986లో గానీ 2022 జూలైలో గానీ వచ్చినట్టు గోదావరి పోటెత్తి లంకలు మునిగినప్పుడు, గట్లు దాటిన నీళ్లతోపాటు చెరువు చేపలు కాలువల్లోకీ డ్రెయిన్లలోకీ కొట్టుకుపోతాయి. వాటికి తవుడు వాసన తెలుసు, సంచి తెలుసు. గేలం తెలియదు. వరద తీసిన కొత్తల్లో కాలువ గట్టున కూర్చున్నవాడికి చేతినిండా చేపలు తగలడంలో అతని పనితనం కన్నా వాటి అమాయకత్వమే ఎక్కువ. తగిలి తప్పించుకున్న చేప తవుడు వాసనకి మళ్లీ వస్తుంది, కానీ గింజ దగ్గర ఆగి, పీల్చి, ఉమ్మి చూస్తుంది. అక్కణ్నుంచి దారం సన్నం చేయాలి, కొక్కెం సైజు తగ్గించాలి, శనగ మార్చి మొక్కజొన్న వేయాలి.